ప్లే డే నాడు తేట నీళ్లు

ఉపేందర్ ఇంటి హాల్లో సముద్రం ఉంది. ఎండాకాలం కాకులు కూడా నీడ వెతుక్కునే గోదావరిఖనిలో, కిటికీ తెరిస్తే బొగ్గు పొడి చుట్టంలా వచ్చి కూర్చునే కంపెనీ క్వార్టర్లో, సముద్రాన్ని తెచ్చి పెట్టుకోవాలని బుద్ధున్న మనిషికి తోస్తుందా? ఉపేందర్‌కు తోచింది. తోచింది కాబట్టి ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

మంచమంత పొడవున్న గాజు తొట్టి అది. అందులో ఉప్పు నీళ్లు, రాళ్లు, నారింజ రంగు చేపల జంట, ఆ రాళ్లను పట్టుకుని బతికే పగడాలు. పగడమంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్ర రాయి మాత్రమే అనుకోకండి, ఇవి ప్రాణమున్న జీవులు అని చెప్పీ చెప్పీ ఉపేందర్ నోరు నొప్పి పుట్టింది. అంతా విని, వచ్చిన చుట్టం "ప్లాస్టిక్‌వే గని మంచిగున్నయ్" అని పోయేవాడు. తొట్టి కింద చెక్క అల్మారా, దాని తలుపు తీస్తే ఇంకో చిన్న తొట్టి. పై నీళ్లు పైపులో అక్కడికి దిగి, గుడ్డ సంచిలో వడకట్టుకుని, నురగ తీసే యంత్రంలో మురికి వదిలించుకుని, మోటారు మీద మళ్లీ పైకి ఎక్కుతాయి. ఉపేందర్ భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్. గనిలో ఊరే నీళ్లను బయటికి తోడే పంపులు చూసుకోవడం డ్యూటీ, ఇంట్లో నీళ్లను కిందికీ పైకీ తిప్పడం సరదా. రెండేళ్లుగా ఆ సరదా చక్కగానే సాగింది.

ఈ ఎండాకాలంలో చెడింది. నీళ్లు పలుచని మజ్జిగలా తెల్లబడుతున్నాయి. అద్దానికి లోపలి వైపు జిగురు. నురగ తీసే యంత్రం పొంగి పొర్లి అల్మారాను తడిపేస్తోంది. తెల్లవారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇక పగడాల సంగతి సరేసరి. వాటిలో టార్చ్ అనేది ఒకటుంది. ఆకుపచ్చ వేళ్లు, ప్రతి వేలి కొసనా బంగారు చుక్క. ఒక్క తల ఉన్న పిల్లను హైదరాబాద్‌లో కొని, నీళ్ల సంచిని ఒళ్లో పెట్టుకుని, రైలు ఆగేదాకా కాలు కదపకుండా తెచ్చాడు ఉపేందర్. అది పెరిగి గుత్తయింది. ఇప్పుడు ఆ వేళ్లన్నీ లోపలికి ముడుచుకుపోయి, ఒక పక్కన తెల్లటి ఎముక బయటపడింది.

"ఇది గిన పోయిందంటె ఇగ ఉంచ. మంచిర్యాలల ఒకాయన ఎన్నటిసందో అడుగుతుండు. అద్దాలతోని సహా ఎత్తిస్త," అని భార్య శోభ ముందు గట్టిగానే అన్నాడు. అన్నాక మూలనున్న కుర్చీ వైపు చూడలేక చూపు తిప్పుకున్నాడు.

ఆ కుర్చీ అతని తండ్రి నర్సింగానిది. కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి వచ్చి, తట్టా, చెమ్మసు అనే పారా పట్టి ఏళ్ల తరబడి బొగ్గు నింపిన మనిషి. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని, ఇక పని చేయలేడని డాక్టర్లు రాసిచ్చాక ఆయన ఉద్యోగం కొడుక్కొచ్చింది, ఆయనకు దగ్గు మిగిలింది. గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఆయాసం. భార్య పూలమ్మ పోయాక మాటలు కూడా తగ్గించేశాడు. టీవీ పెడితే కాసేపటికే "బంద్ చెయ్యుండ్రి, నెత్తి నొస్తుంది" అంటాడు. ఈ తొట్టి ముందు కూర్చుంటే మాత్రం పొద్దు గడిచింది తెలియదు ఆయనకు. పగడాలను పువ్వులంటాడు, టార్చ్‌ను పెద్ద పువ్వంటాడు. దాని వేళ్లు ఊగుతుంటే మామ ఊపిరి కూడా నెమ్మదిస్తుందని శోభ ఒకసారి అంది.

టార్చ్ పోతే తొట్టి పోతుంది. తొట్టి పోతే ముసలాయనకు ఎదురుగా మిగిలేది సున్నం వేసిన గోడ. ఉపేందర్ భయమంతా అదే. అయితే భయాన్ని భయమని ఒప్పుకునే అలవాటు ఆ ఇంటి మగవాళ్లకు లేదు. అందుకని అది కోపంగా బయటికొచ్చి కనిపించిన వాళ్లందరి మీదా పడుతోంది.

మొదలైంది ఒక దుమారంతో. ఎండలు ముదిరిన కొత్తలో ఓ మధ్యాహ్నం నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల వైపు నుంచి గాలి లేచింది. శోభ పెరట్లో ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తి, ముందు కిటికీ మూయడం మరిచింది. ఉపేందర్ డ్యూటీ నుంచి వచ్చేసరికి తొట్టి నీళ్ల మీద నల్లటి పొర తేలుతోంది.

"గీ దుమ్ముకు వీటి గొంతులు పట్టుకపోయినయ్! మన్సులకే దమ్మాడ్తలేదు, గివేం బతుకుతయ్?" అని ఇల్లు లేచిపోయేలా అరిచి, ఆ పొరంతా తీసి, కొన్ని నీళ్లు మార్చి, రాళ్ల మీది మసిని చిన్న గొట్టంతో పీల్చేశాడు. అంతా సర్దుకుంది. హమ్మయ్య అనుకున్నాడు. వారం తిరగకుండానే నీళ్లు తెల్లబడటం మొదలైంది.

ముందు నీళ్ల మీద పడ్డాడు. కాలనీ నల్లా నీళ్లలో బ్లీచింగ్ ఎక్కువైందేమోనని ఆర్వో మిషన్ విప్పి లోపలి ఫిల్టర్లన్నీ మార్చాడు. వడపోసిన నీళ్లలో ఏమైనా మిగిలిందా అని చూసే పెన్ను పెడితే సున్నా చూపించింది. తర్వాత ఉప్పు మీద పడ్డాడు. పాత డబ్బా పక్కన పడేసి కొత్త డబ్బా తెప్పించాడు. తర్వాత శోభ మీద పడ్డాడు.

"హాల్ల ఫినాయిల్ ఏసి తుడుస్తున్నవా?"

"ఫినాయిల్ మొఖం చూడక ఏడాదాయె. ఉత్త నీళ్లతోని తుడుస్తున్న."

"ఊదుబత్తి?"

"దేవునికి వంటింట్ల ముట్టిస్తున్న, నీ చేపలకు దగ్గొస్తదని. దోమల బత్తి బందు. బొద్దింకల మందు బందు. పొద్దుగూకితె దోమలు నన్ను పీక్కతింటున్నయ్. నీ పువ్వులన్న సల్లగున్నయా అంటె అదీ లేకపాయె!"

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. మర్నాడు మల్టీమీటర్ తెచ్చి నీళ్లలో కరెంటు లీకవుతోందేమో చూశాడు. గనిలో ఎక్కడ కేబుల్ తెగినా ఇట్టే పట్టేవాడు, హాల్లో మోటారు తిప్పే తీగలన్నీ పట్టి చూసినా తప్పు దొరకలేదు. నీళ్లను చల్లగా ఉంచే యంత్రాన్ని విప్పి బిగించాడు. లైటును పైకి జరిపాడు, కిందికి జరిపాడు. గాజు గొట్టాల్లో తొట్టి నీళ్లు పోసి, చుక్కల మందు వేసి, మారిన రంగును అట్ట మీది రంగులతో పోల్చి చూశాడు. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. కాల్షియం సరిగ్గా ఉంది. చేపల మురికి కుళ్లితే తయారయ్యే నైట్రేట్ అసలే లేదు. అది చూసి మొదట్లో మురిసిపోయాడు కూడా, మురికి లేకపోవడం మంచిదే కదా అని. మంచివన్నీ మంచిగానే ఉండగా నీళ్లెందుకు తెల్లబడుతున్నాయో తెలియక తల ప్రాణం తోకకొచ్చింది.

ఇది చాలదన్నట్టు అల్మారా చుట్టూ చీమలు. మోటారు తీగల మీదుగా బారులు తీరి పోతున్నాయి. మందు కొడదామంటే ఆ మందు నీళ్లలో కలిస్తే ఉన్న ప్రాణాలు కూడా పోతాయి. "తిన్న పల్లెం గీడ పెట్టకుండ్రంటె ఇనరు," అని మళ్లీ శోభ మీదే లేచాడు. పల్లెం అక్కడ ఎవరూ పెట్టలేదని శోభ అంది. చీమలకు పనీపాటా లేక వచ్చాయా అని ఉపేందర్ అన్నాడు. ఆ పూట ఇద్దరూ ముఖాలు మాడ్చుకునే తిన్నారు.

పైగా ఇంట్లో బెల్లం గొడవ ఒకటి. ఉపేందర్ ఏ షిఫ్టుకు పోయినా టిఫిన్ సంచిలో ఒక బెల్లం ముక్క ఉండాలి. పాత క్యాలెండర్ కాగితంలో చుట్టి నర్సింగం తన చేత్తో పెడతాడు. బాయి, అంటే గని, దిగినవాడు పని మధ్య ఇంత బెల్లం చప్పరిస్తే గొంతులో నిలిచిన దుమ్ము జారిపోతుందని పాతకాలం కార్మికుల నమ్మకం. నర్సింగానికి పూలమ్మ పెట్టేది, పూలమ్మ పోయాక ఉపేందర్‌కు నర్సింగం పెడుతున్నాడు. ఇవాళా రేపూ ముక్కుకు మాస్కులున్నాయి, బొగ్గు మీద నీళ్లు చల్లుతున్నారు, అంతా మిషన్ల మీద నడుస్తోంది, ఇంకా ఈ బెల్లమేమిటని ఉపేందర్ విసుగు. ఆ విసుగు వెనక ఇంకోటి ఉంది. ఆ కాగితం విప్పినప్పుడల్లా తన ఉద్యోగం ఎవరి ఊపిరి తరిగితే వచ్చిందో గుర్తొచ్చేది, అన్నం సహించేది కాదు. అందుకని విప్పడం మానేశాడు. ముక్క పోయినట్టే పోయి వాపసొచ్చేది. ఇంటికి రాగానే నర్సింగం చెయ్యి చాపి టిఫిన్ సంచి తీసుకునేవాడు. గిన్నె తీసి, కాగితం పొట్లం తీసి, బరువు చూసినట్టు అరచేతిలో కాసేపు ఉంచుకుని, మాట్లాడకుండా జేబులో వేసుకునేవాడు. తిట్టినా బాగుండేదని ఉపేందర్‌కు అనిపించేది.

వింత ఏమిటంటే ఆదివారం నీళ్లు తేటపడేవి. ఆదివారం ఉపేందర్‌కు ప్లే డే, వారానికోసారి కంపెనీ ఇచ్చే సెలవు. పొద్దున మబ్బుగా ఉన్న నీళ్లు సాయంత్రానికి విచ్చుకునేవి, సోమవారం పొద్దున్నే చేపలు కూడా కుదురుగా తిరిగేవి. అమ్మయ్య, దారికొచ్చింది అనుకుని డ్యూటీ ఎక్కేవాడు. మంగళవారానికి మళ్లీ మజ్జిగే. ఒకసారైతే పోనీలే అనుకోవచ్చు, ప్రతి వారమూ ఇదే తంతు.

"నువ్వు ఇంట్ల ఉంటె మంచిగుంటున్నయ్. డ్యూటీకి పోతె ఖరాబైతున్నయ్," అని శోభ నవ్వింది. "నీ మీద రంది వెట్టుకున్నట్టున్నయ్. లీవు పెట్టి వాటి ముంగట కూసో."

ఉపేందర్‌కు నవ్వు రాలేదు. టార్చ్ ఎముక ఇంకాస్త బయటపడింది. ఆ రోజు అంజికి ఫోన్ చేశాడు. అంజిది గోలేటి. హైదరాబాద్‌లో ఉప్పునీటి చేపల దుకాణం పెట్టుకున్నాడు, ఆ టార్చ్‌ను అమ్మింది అతనే. వీడియోలో తొట్టినంతా చూపించమని, అద్దం మీది జిగురును వేలితో తీసి చూపించమని చెబుతూ, అంజి ఒక్కో ప్రశ్నా అడిగాడు.

"నైట్రేట్ ఎంతొస్తుందన్నా?"

"సున్న. ఫాస్ఫేట్ గూడ సున్న. కడిగిన ముత్యం లెక్కున్నయ్ నీళ్లు."

"గదే మంచిగలేదన్నా. గవి ఇంతన్న లేకుంటె పగడాలకు తిండి లేనట్టు. ఉపాసముంటున్నయవి." అంజి కాసేపు నసిగాడు. "అన్నా, కోపానికి రాకు. నువ్వు నీళ్లల్ల చక్కెర గిట్ల పోస్తున్నవా?"

"ఏందీ?"

"కొందరు కావాల్నని పోస్తరన్నా. చిటికెడు చక్కెర, లేకుంటె చుక్క వోడ్కా. నీళ్లల్ల కంటికి కనపడని పురుగులుంటయ్ గద, అవి తీపి తిని పెరుగుతయ్, నైట్రేటంత మింగేస్తయ్. గింతైతె మందు. ఎక్కువైతె గిదే కథ. నీళ్లు తెల్లగైతయ్, అద్దానికి జిగురు వడ్తది, ఉన్న గాలంత పురుగులే పీలుస్తయ్, చేపలకు దమ్మాడది."

"సముద్రంల చక్కెర పోసేటంత పిచ్చోళ్లు నా ఇంట్ల ఎవలున్నరు తమ్మీ?"

"నాకేం తెల్సన్నా. నీళ్లు చెప్తున్నయ్."

ఫోన్ పెట్టేశాక ఉపేందర్ బుర్రలో రెండు మాటలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఎవరో తీపి వేస్తున్నారు. తను ఇంట్లో ఉన్నరోజు వేయడం లేదు. తను డ్యూటీకి పోతే ఇంట్లో తిరిగేది శోభ. దోమలతో వేగలేక, హాల్లో చోటు లేక, ఈ పీడ విరగడైతే చాలని తొట్టి మీద కసి తీర్చుకుంటోందా? అలా అనుకోవడం తప్పని అతనికి తెలుసు. తెలిసీ వంటింట్లోకి పోయి అడిగేశాడు.

"నా ట్యాంకుల చక్కెర పోస్తున్నవా?"

శోభ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏందీ? నీ సముద్రానికి చాయ్ పెడ్తున్న అనుకున్నవా?"

"నేను డ్యూటీల ఉన్నప్పుడే అయితుంది. ఇంట్ల ఉండేది నువ్వు."

"ఉండేది నేనే! నీ పగడాలకు జాగారం చేసేది నేనే, దోమలకు నెత్తురు వోసేది నేనే, దొంగను గూడ నేనే!" శోభ గరిటెను గిన్నెలో పడేసింది. "గంత కసి ఉంటె నాకు చక్కెరెందుకు, ఒక్క మూత ఫినాయిల్ సాలు. ఎన్నడో పోసేద్దును."

హాల్లోంచి నర్సింగం ఈ రభసంతా విని గొంతు సవరించుకున్నాడు. "చక్కెర ఎవలేస్తరు బిడ్డా? చక్కెర కఫం జేస్తది. అది మంచిది కాదు," అన్నాడు పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు. ఆ తీర్పు ఎవరికీ పనికి రాలేదు. శోభ పొయ్యి ఆర్పేసి, పక్క క్వార్టర్ అనసూర్య ఇంటికి పోయి కూర్చుంది. ఉపేందర్ తన గిన్నె తానే సర్దుకుని రాత్రి షిఫ్టుకు పోయాడు.

పొద్దున డ్యూటీ దిగి వచ్చాక కూడా శోభ మాట్లాడలేదు. అన్నం గిన్నె బల్ల మీద పెట్టి మళ్లీ అనసూర్య ఇంటికే పోయింది. ఉపేందర్ టిఫిన్ సంచి తండ్రి చేతికిచ్చి, లోపలి గదిలో పడుకున్నాడు. ఎప్పటికో కన్నంటుకుంది. అంతలో ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి ఇల్లు అదిరింది. గిన్నెలు గలగలమన్నాయి, అద్దాలు చిన్నగా మోగాయి. తొట్టి గాజు ఏమైనా బీటిచ్చిందా అనుకుంటూ లేచి కూర్చున్నాడు. అప్పుడు తట్టింది చీమల సంగతి. ఉప్పు నీళ్లకు చీమలెందుకు వస్తాయి? తీపి అల్మారా దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ వాటిని తిట్టాడే తప్ప అవి ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారీ చూడలేదు.

హాల్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

నర్సింగం నేల మీద మోకాళ్లూని ఉన్నాడు. ఒక చెయ్యి కుర్చీ కోడును పట్టుకుంది. కిందికి వంగినందుకు ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. అల్మారా తలుపు బార్లా తెరిచి ఉంది. రెండో చేత్తో ఏదో చిదిమి చిదిమి, నీళ్లు దిగే గుడ్డ సంచిలో వేస్తున్నాడు. వేస్తూ, "తాగుండ్రి, తాగుండ్రి, జారిపోతది," అని నీళ్లకు చెబుతున్నాడు.

"బాపూ!"

ఇన్ని వారాల విసుగంతా ఆ ఒక్క పిలుపులో బయటపడింది. ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"ఏంజేస్తున్నవే గది? బెల్లమా? ఉప్పు నీళ్లల్ల బెల్లమా? నేను నెత్తి పలగ్గొట్టుకుంటున్న. మిషిని ఇప్పితి, ఉప్పు మారిస్తి, కరెంటు చూస్తి, ఆమెను దొంగను చేస్తి! గిదంత నువ్వా? ఏం పుట్టిందే నీకు?"

జవాబు చెప్పబోయిన నర్సింగానికి దగ్గు తెర కమ్ముకొచ్చింది. వంగిపోయాడు. ఉపేందర్ కోపం కోపంగానే ఉరికి, కోపంగానే ఆయన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, వీపు రాస్తూ నీళ్లు పట్టాడు. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"దుమ్ము వడ్డది గద బిడ్డా," అన్నాడు నర్సింగం చివరికి. "నువ్వే అంటివి, గొంతులు పట్టుకపోయినయని. దమ్మాడకుంటె ఎట్లుంటదో నాకెర్క. నోట్ల పెడదమంటె వాటి నోరేడుందో తెల్వది. నీళ్లల్ల ఏస్తె తాగుతయనుకున్న."

"నాకో మాట చెప్పద్దా?"

"చెప్తె ఏయనిస్తవా?"

ఉపేందర్ అల్మారా తలుపు మూశాడు. "గీ బెల్లం ఏడిది?"

నర్సింగం గుప్పిట విప్పాడు. మిగిలిన తునకతోపాటు నలిగిన క్యాలెండర్ కాగితం ఉంది. పొద్దున టిఫిన్ సంచిలో వాపసొచ్చిన కాగితమే అది.

"నీదే. నువ్వు తినకపోతివి. పారేయ పానమొప్పలేదు. దుమ్ముల ఉన్నోళ్లు ఎవలో ఒకలు తినాలె గద బిడ్డా."

ప్లే డే నాడు డ్యూటీ లేదు. డ్యూటీ లేకపోతే టిఫిన్ లేదు. టిఫిన్ లేకపోతే వాపసొచ్చే బెల్లం లేదు. అంజి చెప్పిన లెక్క, శోభ చేసిన ఎగతాళి, చీమల బారు అన్నీ వచ్చి ఆ నలిగిన కాగితం దగ్గర కలిశాయి. ఉపేందర్‌కు పెద్దగా నవ్వాలనిపించింది, గోడకు తల కొట్టుకోవాలనిపించింది, సిగ్గు కూడా వేసింది. ఊళ్లో నీళ్లను, ఉప్పు కంపెనీని, పెళ్లాన్ని అనుమానించాడు. రోజూ డ్యూటీ నుంచి ఆ మందును మోసుకొచ్చింది మాత్రం తానే.

దాచి లాభం లేదు కాబట్టి చెప్పాడు. బెల్లం వల్ల నీళ్లలో పురుగులు పెరుగుతున్నాయనీ, అవి గాలంతా పీల్చేస్తున్నాయనీ, పువ్వులకు తిండి లేకుండా పోయిందనీ చెప్పాడు. ఎంత మెత్తగా చెబుదామనుకున్నా ఆ సంగతి మెత్తబడలేదు. నర్సింగం పెద్ద పువ్వు వైపు చూశాడు.

"అంటె దాని గాలి నేనే తీసిన్నా?" అన్నాడు.

"గట్ల కాదే..."

ఆయన లేచాడు. కుర్చీని తానే ఈడ్చుకుంటూ, రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ, లోపలి గదిలోకి తీసుకుపోయి గోడకు ఎదురుగా వేసుకున్నాడు. ఉపేందర్ ఏ గోడకు భయపడ్డాడో ఆ గోడ తొట్టి పోకముందే వచ్చింది.

ఆ తర్వాత పని సులువే. అనసూర్య ఇంటికి పోయి శోభను బతిమాలుకోవడం తప్ప. "దొంగ దొరికిండా?" అని శోభ అడిగింది. దొరికాడని, అది తనేనని చెప్పాడు. జరిగిందంతా విన్నాక ఆమె తిట్టాలనుకున్నవి మరిచిపోయి, "మామ బువ్వ తిన్నడా?" అంది. ఇద్దరూ కలిసి గుడ్డ సంచి పారేసి, అల్మారా కడిగి, కొత్త ఉప్పు నీళ్లు కలిపారు. చేపలకు గాలి అందేలా ఉపేందర్ బుడగల మోటారు పెట్టాడు. రోజూ కొన్ని నీళ్లు మారుస్తూ పోతే అద్దం మీది జిగురు తగ్గింది, నీళ్లలో మబ్బు విడిపోయింది. టార్చ్ ఎముక పక్కన ఒకటి రెండు ఆకుపచ్చ కొసలు బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయాయి. బతుకుతుందని అంజి చెప్పాడు. నర్సింగం మాత్రం చూడటానికి రాలేదు. "బాపూ, ఒక్కసారి వచ్చి సూడరాదు," అని పిలిస్తే, "మంచిగైతె సాలు బిడ్డా, నేనెందుకు మల్ల," అన్నాడు గోడ వైపు నుంచే.

ఆ వారంలోనే ఒక రోజు గని లోపల, పంపు పక్కన, తోటి పనివాడు సదయ్యతో కలిసి ఉపేందర్ టిఫిన్ విప్పాడు. అన్నం గిన్నె తీశాడు, కూర గిన్నె తీశాడు, అలవాటుగా కాగితం పొట్లాన్ని పక్కకు నెట్టడానికి చెయ్యి పెట్టాడు. పొట్లం లేదు. సంచిని తిరగేసి దులిపాడు. నిన్న కూడా లేదేమో, తానే చూసుకోలేదేమో. ఇన్నేళ్లుగా ఏది కనిపిస్తే చిరాకుపడ్డాడో అది కనిపించకపోయేసరికి అన్నం గిన్నెకు మళ్లీ మూత పెట్టేశాడు.

"ఏం పోయిందన్నా?" అన్నాడు సదయ్య, టోపీ లైటు సంచి మీదికి తిప్పి.

"ఏం లేదు తియ్యి," అన్నాడు ఉపేందర్. చాలా పోయినట్టే ఉంది అతనికి.

ఇంటికి వచ్చి సంచి ఎవరి చేతికివ్వాలో తెలియక కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత లోపలి గదిలోకి పోయి గోడకూ కుర్చీకీ మధ్య నిలబడ్డాడు.

"బాపూ, బెల్లమేది?"

"తినవు గద. మల్ల వాపసొస్తది. వాపసొస్తె నాకు పారేయ పానమొప్పది, ఏడ ఏస్తనో ఏందో."

"రేపు వెట్టు."

నర్సింగం కొడుకు ముఖంలోకి పరీక్షగా చూశాడు. మర్నాడు పంపు పక్కన సంచి తీస్తే క్యాలెండర్ కాగితం ఉంది. ఉపేందర్ అన్నం తినకముందే దాన్ని విప్పాడు. ముక్కను దవడన పెట్టుకుని మెల్లగా చప్పరించాడు. తీపి గొంతులోకి జారింది. కాసేపటికి లోపల ఎక్కడో గీరినట్టయింది. దగ్గొచ్చింది, ఒకటి కాదు, వరసగా. పక్కకు పోయి ఉమ్మేశాడు. టోపీ లైటు వెలుగులో చూస్తే అది నల్లగా ఉంది. మాస్కులు, నీళ్లు చల్లడాలు, మిషన్లు అని ఇన్నాళ్లూ తండ్రికి చెప్పినవన్నీ గుర్తొచ్చి అలాగే చూస్తూ నిలబడిపోయాడు.

సాయంత్రం నర్సింగం గుమ్మంలోకే వచ్చి చెయ్యి చాపాడు. సంచి తీసుకుని, గిన్నెలు పక్కన పెట్టి, కాగితం తీసి విప్పాడు. ఖాళీగా ఉంది. కాగితాన్ని మోకాలి మీద పెట్టి ముడతలు సాపు చేశాడు.

"పారేసినవా?"

"తిన్న."

"నల్లగ పడ్డదా?"

ఉపేందర్ మూతి తుడుచుకున్నాడు.

"పడ్డది బాపూ."

నర్సింగం తల ఊపాడు. కాగితాన్ని మడిచి, రేపటికి ఉంటుందని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి పోయి, కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి, తొట్టి ముందు వేసుకుని కూర్చున్నాడు.